ఏడో బల్ల మీద ఒంటి చక్రం సైకిల్

నమోదు 1

మ్యూజియంలో జరిగేదంతా ఏ రోజుకారోజు రాసిపెట్టాలని గాలి కమిటీ ఆదేశం. రాస్తున్నాను. నా పేరు ఓదెలు. హోదా క్యూరేటర్. లోగుట్ట ఊరు మొత్తానికి మ్యూజియం ఒక్కటే, క్యూరేటర్‌ని నేనొక్కడినే కాబట్టి ఈ రంగంలో నన్ను మించినవాడు ఊళ్లో లేడు. తలుపు తీసేదీ, దీపాలు వేసేదీ, గుట్ట బయటి పైలోకం నుంచి మా తాతలు తెచ్చిన గొడుగు మీద దుమ్ము దులిపేదీ కూడా నేనే.

ఇవాళ మొట్టమొదటి కుటుంబ దినం. "రండి! పైలోకపు వస్తువులను కుటుంబ సమేతంగా మీ చేతులతో చేయండి!" అని సొరంగాల మలుపుల్లో బోర్డులు పెట్టించాను. కుటుంబ సమేతంగా అని రాస్తుంటే నాకే నవ్వొచ్చింది. ఈ గుట్ట కడుపులో ఉన్న గాలి ముగ్గురిలో ఒక్కరికే సరిపోతుంది. మొదటి షిఫ్టు మేలుకుని ఉంటే మిగతా రెండు షిఫ్టుల వాళ్లూ గాలి తక్కువ పీల్చే మందు నిద్రలో ఉంటారు. మొగుడు పంపుల దగ్గర ఒక షిఫ్టు, పెళ్లాం తోటలో ఇంకో షిఫ్టు. పిల్లలు చిన్నప్పుడు తల్లితో ఉంటారు, కాస్త ఎదగ్గానే వాళ్లకీ ఒక షిఫ్టు వేసేస్తారు. ఒకే ఇంట్లో ఉంటూ ఒకరినొకరు మెలకువలో చూసుకున్న మొగుడూపెళ్లాలు ఈ ఊళ్లో లేరు. అయినా కుటుంబ బంధాలు బలపడాలని కమిటీ వారి కోరిక. కాబట్టి ఆ రోజు హాలు మూడు షిఫ్టుల్లోనూ తెరిచి ఉంటుంది, ఎవరి మెలకువలో వాళ్లు వస్తారు. మొదటి షిఫ్టులో నేను మైకు పట్టుకుని ఉంటాను. మిగతా రెండు షిఫ్టుల్లో నా రికార్డు గొంతు ఉంటుంది. రికార్డే బాగుందని ఇద్దరు ముగ్గురు అన్నారని విన్నాను.

నేటి పని: పీచు కాగితంతో గొడుగు. జనం బాగానే వచ్చారు. వాన అంటే ఏమిటో అరగంట వివరించాను. ఒక పిల్ల ఆవలించింది. తర్వాత ఆమె తల్లి ఆవలించింది. తర్వాత, చెప్పడానికి సిగ్గుగా ఉంది, నేను కూడా ఆవలించాను.

కుటుంబ దినాలు విజయవంతంగా నడపడం ఎలా అని ఒక పుస్తకం రాయాలని ఉంది. మొదటి సూత్రం తయారుగా ఉంది: వచ్చినవారికి శుభ్రమైన బల్ల చూపించు.

నమోదు 2

పొద్దున్నే వచ్చి బల్లల కింద పెట్టెలు తెరిచాను. షిఫ్టు మారినప్పుడల్లా తుడుపు బండి వచ్చి, బల్ల మీద ఏముంటే అది కింది పెట్టెలోకి తోసి, బల్లను అద్దంలా తుడిచి పోతుంది. ఆ ఏర్పాటు నాదే. మన ఊళ్లో బయట ఎక్కడైనా అంతే కదా, భోజనశాల గానీ, స్నానాల గది గానీ, మనం లేచాక అక్కడ ఎవరూ కూర్చోనట్టే ఉండాలి. వెనక వచ్చే షిఫ్టువాడికి మనం ఇచ్చే మర్యాద అది.

పెట్టెల్లో చూస్తే అన్నీ సగం గొడుగులు. పుల్లలు ఒకవైపే అతికించి వదిలేశారు. పిడి లేనివి, కాగితం లేనివి. ఏడో బల్ల వాళ్లదైతే మరీ ఘోరం, గొడుగును సరిగ్గా మధ్యకు కోసినట్టు సగమే చేశారు. సగం మనిషే తడవకుండా ఉంటే చాలనుకున్నారు కాబోలు. పైగా ఆ పెట్టె అడుగున ఏదో జిగట.

ఈ జనానికి మొదలుపెట్టిన పని పూర్తిచేసే బుద్ధి ఎప్పటికి వస్తుందో! అన్నీ నలిపే మిషన్‌లో వేశాను. పీచు వృథా చేయకూడదు.

నమోదు 4

ఇవాళ మ్యూజియంలో చెప్పుకోవలసింది ఏమీ లేదు. ఏదో ఒకటి రాయాలి కాబట్టి ఇంటి సంగతి రాస్తున్నాను.

నా భార్య బాలమణిది మూడో షిఫ్టు. విత్తనాల గదిలో పని. నేను ఇంటికి వెళ్లేసరికి నిద్రలో ఉంటుంది, ఆమె లేచేసరికి నేను నిద్రలో ఉంటాను. పెళ్లయి ఇన్నేళ్లయినా ఆమె నవ్వు ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఆమె నిద్రలో కనుబొమలు ముడుచుకుంటుందని తెలుసు. నేను నిద్రలో ఎలా ఉంటానో కూడా ఆమె వల్లే తెలిసింది. తలుపు పక్కన పలక మీద ఒకసారి రాసింది: "ఏమయ్యా, నోరు మూసుకోని పండు. లోపలి పండ్లు సుత లెక్కవెట్టిన."

ఇవాళ వంటింట్లో చిక్కుడుకాయలు పెట్టి ఉన్నాయి. సగం కాయలకు ఈనెలు తీసింది, సగం అలాగే ఉంచింది. పైన చిటికెడంత బెల్లం ముక్క. దీన్నే సగం పెట్టడం అంటాం. లోగుట్టలో ఏ ఇంట్లోనైనా ఉన్నదే. ఏ పనైనా సగం చేసి, మిగతా సగం మనవాళ్ల కోసం ఉంచడం. చొక్కాకి రెండు గుండీలు కుట్టి, మూడోదానికి దారం ఎక్కించిన సూది గుచ్చి వదలడం. సగం పెట్టానని పలక మీద రాయకూడదు, నోటితో చెప్పకూడదు. చెబితే అది పని అప్పజెప్పడం అవుతుంది. చూసుకుని అందుకోవాలి. బెల్లం పెట్టడం మాత్రం మా ఇంటి పద్ధతి, అంటే బాలమణి పద్ధతి. రేషన్‌లో వచ్చేదే గోరంత, అందులో సగం నాకు పెడుతుంది.

మిగతా కాయలకు ఈనెలు తీశాను. బెల్లం చప్పరించాను. మళ్లీ నోరు తెరుచుకునే పడుకుని ఉంటాను.

నమోదు 16

రెండో కుటుంబ దినం. పని: గాలిపటం. ఈ ఊళ్లో గాలి వీచదు, పంపులోంచి వస్తుంది. కాబట్టి గాలిపటం ఎగరడం ఎలా ఉంటుందో నేనే చూపించాను. చేతులు చాచి హాలంతా పరిగెత్తాను. ఎనిమిదో బల్ల తగిలి పడ్డాను. కార్యక్రమం మొత్తంలో పిల్లలు చప్పట్లు కొట్టింది అప్పుడే.

జనం పోయినసారి కంటే తక్కువ. వచ్చినవాళ్లు కూడా అదోలా ఉన్నారు. హాల్లోకి రాగానే బల్లల చుట్టూ తిరుగుతారు, బల్లల మీద ఏదో వెతుకుతారు, ఏమీ లేకపోతే మొహం చిన్నబుచ్చుకుంటారు. మూడో బల్ల దగ్గర ఒకావిడ చాలాసేపు ఊరికే నిలబడింది. "కూర్చోండమ్మా, బల్ల తళతళలాడుతోంది చూడండి" అన్నాను. నావైపు చూసిన చూపుకి నా మైకు ఆగిపోయింది. అది తీగ వదులై ఆగిందే గానీ, సమయం అలా కుదిరింది.

నమోదు 17

పెట్టెలు తెరిచాను. మూడో బల్లలో తోక లేని గాలిపటం. ఐదో బల్లలో పటం లేదు, తోక ఒక్కటే. ఏడో బల్లలో పటానికి ఒకవైపే కాగితం అతికించారు, రెండోవైపు పుల్లలు కనిపిస్తున్నాయి. మళ్లీ జిగట! ఎవరో మ్యూజియంలోకి తినుబండారాలు తెస్తున్నారు. చీమలు లేని ఊరు కాబట్టి సరిపోయింది.

ఏడో బల్ల మనిషి ఎవరో గానీ చేతిలో పనితనం ఉంది. అతుకు ఎక్కడా కనబడదు. బుర్ర మాత్రం సగమే పనిచేస్తున్నట్టుంది.

అన్నీ నలిపేశాను.

నమోదు 20

కమిటీ నుంచి ఉదయశ్రీ మేడం వచ్చారు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. మేడం కూర్చోలేదంటే సంగతి బాగా లేదని అర్థం.

"ఓదెలు గారూ, కుటుంబ దినాలు పెడితే కుటుంబాలు దగ్గరైతయని మిమ్మల్ని నమ్మినం. అయినయా?"

"అవుతున్నాయి మేడం. పోయినసారి గాలిపటాలు..."

"గాలిపటాలు కాదండీ. మీ ఒక్కో కుటుంబ దినం అయినంక మంచం మార్పు దరఖాస్తులు ఎన్నొస్తున్నయో తెలుసా? నా బల్ల నిండిపోయింది."

నోరెళ్లబెట్టాను. మంచం మార్పు అంటే ఒకరు తమ మంచం ఎత్తుకుని వేరే ఇంటికి వెళ్లిపోవడం. పైలోకంలో దీన్ని విడాకులు అనేవారట. నెలాఖరుకి కమిటీ కూర్చుని మంజూరు చేస్తుంది, ఈలోగా మనసు మార్చుకుంటే వాపసు తీసుకోవచ్చు. లోగుట్టలో ఇది అరుదు. మెలకువలో కలవనివాళ్లకి కొట్లాడుకునే వీలెక్కడిది? ఆ వీలు నేను కల్పించానన్నమాట. కుటుంబాలను దగ్గర చేయమంటే విడగొట్టిన ఘనత చరిత్రలో ఏ క్యూరేటర్‌కీ దక్కి ఉండదు.

"ఇంకో రెండుసార్లు చూస్తం. కాకపోతే ఈ హాలు పుట్టగొడుగుల వాళ్లకు ఇచ్చేస్తం. వాళ్లకు చీకటి జాగ కావాల్నట."

నేను ఎక్కువ దీపాలు వేస్తానని చెప్పాను. దానివల్ల ఏం లాభమో నాకూ తెలియదు. భయమేసినప్పుడు ఏదో ఒకటి అనడం నా అలవాటు.

నమోదు 24

ఇంట్లో మాత్రం సుఖంగా ఉంది. ఈమధ్య బాలమణి నాకు పని పెట్టడం లేదు. చిక్కుడుకాయలు మొత్తం తానే వలిచింది. చొక్కా గుండీలన్నీ కుట్టి మడత పెట్టింది. బెల్లం పెట్టలేదు గానీ, ఈ నెల రేషన్ తగ్గించారేమో. మ్యూజియం బాధల్లో ఉన్నానని తెలిసి నామీద జాలిపడినట్టుంది. ఎంత మంచి మనిషి!

ఈ ఊళ్లో కుటుంబ జీవితం ఎలా ఉండాలో నన్ను చూసి నేర్చుకోవాలి. పుస్తకంలో దీని గురించి కూడా ఒక అధ్యాయం వేస్తాను.

నమోదు 31

మూడో కుటుంబ దినం. పని: బంకమట్టి సైకిల్. ఈసారి గట్టి ఏర్పాట్లు చేశాను. ఒకటి, మొదలుపెట్టి పూర్తిచేసిన వారికే ప్రశంసాపత్రం. రెండు, గోడ మీద పెద్ద బోర్డు: "సగం పని చేయరాదు." మూడు, ఆ జిగట మనిషికి బుద్ధి రావాలని ఏడో బల్ల మీదే, కూర్చోగానే కళ్లలో పడేటట్టు, ఎర్ర అక్షరాలతో ఇంకో బోర్డు: "మీరు తెచ్చే తీపి ఇక్కడ అక్కర్లేదు."

వచ్చినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. రెండు ప్రశంసాపత్రాలు ఇచ్చాను. ఒకటి ఒంటరిగా ఉండే ముసలాయనకి. రెండోది అదే ముసలాయనకి, ఆయన రెండో సైకిల్ కూడా చేశాడు.

నమోదు 32

ఏడో బల్ల పెట్టెలో ఒంటి చక్రం సైకిల్. అబ్బ, ఏం చేశారండీ! చక్రంలో చువ్వలు కూడా లెక్క తప్పకుండా పెట్టారు. హ్యాండిల్, సీటు, తొక్కే పెడళ్లు, అన్నీ ఉన్నాయి. వెనక చక్రం లేదు. సైకిల్‌కి రెండు చక్రాలు ఉంటాయని బొమ్మ వేసి మరీ పెట్టాను! చక్రం ఉండాల్సిన చోట బొటనవేలితో నొక్కి చిన్న గుంట చేసి వదిలారు. ఈసారి జిగట లేదు. బోర్డు పనిచేసింది.

నలిపేటప్పుడు మాత్రం చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ముద్దుగా ఉంది. కానీ పద్ధతి పద్ధతే.

నమోదు 33

మేడం మళ్లీ వచ్చారు. ఈసారి కూర్చున్నారు. కూర్చోకపోతేనే బాగుండేది.

"ఓదెలు గారూ, ఎట్ల చెప్పాల్నో తెలుస్తలేదు. ఇయ్యాల వచ్చిన దరఖాస్తుల్ల ఒకటి మీ ఇంటినుంచే."

"మా ఇంట్లో ఉన్నది ఇద్దరమే మేడం. నేను పెట్టలేదు" అన్నాను. అన్నాక అర్థమైంది.

కారణం చెప్పమని అడిగితే బాలమణి ఒక్క మాటే చెప్పిందట. సగం పెడితే అందుకోడు.

నాకు తల కొట్టేసినట్టయింది. తర్వాత కోపం వచ్చింది. అందుకోనా? ప్రతి చిక్కుడుకాయకీ ఈనె తీశాను! ప్రతి గుండీ కుట్టాను! ఈ మధ్య తీయలేదంటే, ఆమె పెట్టలేదు కాబట్టి! మేడం ముందు ఇదంతా అరిచాను. మేడం లేచి, నా భుజం తట్టి వెళ్లిపోయారు. చిక్కుడుకాయల గురించి అరుస్తున్న మగవాడితో ఎవరు మాత్రం ఏం మాట్లాడతారు?

ఇంటికెళ్లి మంచం పక్కన కూర్చున్నాను. బాలమణి నిద్రలో ఉంది, కనుబొమలు ముడుచుకుని. మందు నిద్ర, నెత్తిన బండ పడ్డా లేవదు. లేపినా గాలి దొంగతనం కింద ఇద్దరినీ పట్టుకుంటారు. ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. గోళ్లలో మట్టి ఉంది. విత్తనాల గదిలో మట్టి ఉంటుంది కదా అనుకున్నాను. నా తెలివి అక్కడితో ఆగిపోయింది.

నమోదు 35

పొద్దున తలుపు తీయగానే ఒకావిడ లోపలికి దూసుకొచ్చింది. మూడో బల్ల దగ్గర ఊరికే నిలబడిన ఆవిడే. పంపుల మీద పనిచేసే కొమురమ్మ. చంకలో నాలుగేళ్ల పాప.

"ఓ సారూ! మా ఆయిన పెట్టింది ఏడ దాస్తివి?"

"ఏం పెట్టాడమ్మా?"

"సగం! ఇంకేం పెడ్తడు? మూడుసార్లు పెట్టిండట. గొడుగు పెట్టిండట, పతంగి పెట్టిండట, మొన్న సైకిల్ సుత పెట్టిండట. నాకు ఒక్కటి దొరకలే. వచ్చి చూసినప్పుడల్లా బల్ల బోసిగ ఉంటది. నేనేమనుకోవాలె? పెండ్లాం మీద పాణం లేదు, అందుకే పెడ్తలేడు అనుకోనా? కోపంల నేను ఇంట్ల సుత పెట్టుడు బందు చేసిన. ఆయినకు మండింది. ఇగ ఉండవట్టక, పద్ధతి కాకున్నా సరే అని పలక మీద అడిగిన, నాకు ఎందుకు పెట్టలేదని. మూడుసార్లు పెట్టిన గదనే అని రాసిండు. ఏడ పోయినయ్ మరి?"

మూడో బల్ల. తోక లేని గాలిపటం.

"అమ్మా... ఇది బయట కదా. బయట బల్ల తుడవాలి కదా. అది మర్యాద."

"కుటుంబ దినం అని నువ్వే రాస్తివి గద సారూ! కుటుంబం అంటే ఇల్లే గద? ఇంట్ల పెట్టిన సగాన్ని ఎవలన్న తుడిచిపారేస్తరా?"

పాప నా మైకు లాక్కుని "తుడిచిండు, తుడిచిండు" అని హాలంతా వినబడేలా చెప్పింది.

ఊరు ఊరంతా ఈ హాలును ఇల్లనుకుని వచ్చింది. నేనొక్కడినే దాన్ని భోజనశాల అనుకున్నాను. ఒకరి సగం ఇంకొకరికి అందకుండా మధ్యలో కాపు కాసి, పెట్టెలో వేసి, వాళ్ల పనితనం గురించి ఇదే చిట్టాలో వెటకారాలు రాసి, మిషన్‌లో నలిపాను. శుభ్రత నా మొహం, శుభ్రత!

కొమురమ్మకి చేతులు జోడించాను. వచ్చే కుటుంబ దినానికి తప్పకుండా రమ్మన్నాను. "ఈసారి పోయిందనుకో, నీ సంగతి చూస్త" అని వెళ్లింది. ఆవిడ వెళ్లాక మూడో బల్ల నుంచి నెమ్మదిగా నడుచుకుంటూ ఏడో బల్ల దగ్గరికి వచ్చాను. ఎర్ర అక్షరాల బోర్డు అక్కడే ఉంది. మీరు తెచ్చే తీపి ఇక్కడ అక్కర్లేదు.

జిగట. బెల్లం. గోళ్లలో మట్టి.

ఏ షిఫ్టులో వచ్చి ఉంటుందో నాకు తెలుసు. నా రికార్డు గొంతు వింటూ కూర్చుని ఉంటుంది. మొగుడి మ్యూజియం కదా, పొద్దున్నే మొగుడే వచ్చి చూస్తాడు కదా అనుకుని పెట్టి ఉంటుంది. గొడుగు పెట్టింది, జవాబు లేదు. గాలిపటం పెట్టింది, జవాబు లేదు. మూడోసారి వచ్చేసరికి జవాబు ఉంది. ఎర్ర అక్షరాలతో, సరిగ్గా తన బల్ల మీద, నా చేతిరాతలో.

అయినా ఆ బోర్డు చదివాక కూడా సైకిల్ చేసి, చక్రానికి గుంట నొక్కి వెళ్లింది. బెల్లం మాత్రం వెనక్కి తీసుకెళ్లింది. దాన్ని చూసి నేను ఏం రాశాను? బోర్డు పనిచేసింది అని.

ఏడ్చాను. మ్యూజియంలో జరిగేదంతా రాయమన్నారు కాబట్టి ఇది కూడా రాస్తున్నాను.

నమోదు 36

పలక మీద అంతా రాశాను. తుడుపు బండి, పెట్టెలు, నా మర్యాద, నా వెధవతనం, అన్నీ. పలక సరిపోక తలుపు మీద కూడా రాశాను. తలుపు సరిపోక గోడకి వచ్చాను.

నమోదు 37

బాలమణి జవాబు రాసింది. "ఊ."

అంతే. ఈ అక్షరాన్ని పొద్దుటినుంచి అటు తిప్పి ఇటు తిప్పి చదువుతున్నాను. సరే అనే ఊ నా? చెప్పావులే అనే ఊ నా? చేతులతో చేయాల్సింది మాటలతో గోడ నిండా రాసినవాడికి ఇంతకంటే ఏం దక్కుతుంది? వంటింట్లో చిక్కుడుకాయలు మొత్తం వలిచి ఉన్నాయి.

నెలాఖరు కమిటీ కంటే ముందు ఒక్క కుటుంబ దినం మిగిలి ఉంది.

నమోదు 46

నాలుగో కుటుంబ దినం. పని: మళ్లీ బంకమట్టి సైకిల్. వేరే ఆలోచించే ఓపిక లేదని మేడంకి చెప్పాను. నిజం ఏమిటంటే, నాకు ఆ సైకిలే కావాలి.

తుడుపు బండి తీగ పీకి పైలోకం బస్సు సీటు వెనక దాచాను. పెట్టెలకి మూతలు బిగించాను. బోర్డులన్నీ తీసి ఒక్కటే పెట్టాను: "ఎక్కడిది అక్కడ వదలండి. ఎవరూ తుడవరు." మైకు పట్టలేదు. వాన గురించి, గాలి గురించి, సైకిల్ చరిత్ర గురించి ఏమీ చెప్పలేదు. ఇంత చక్కగా ఎప్పుడూ మాట్లాడలేదని ముసలాయన మెచ్చుకున్నాడు.

తర్వాత ఏడో బల్ల దగ్గర కూర్చున్నాను. ఇన్ని కుటుంబ దినాలు నడిపాను గానీ, ఎప్పుడూ ఒక బల్ల దగ్గర కూర్చుని మట్టి ముట్టుకోలేదు. ముట్టుకుంటే తెలిసింది, నాకు ఏమీ రాదని. చట్రం మూడుసార్లు విరిగింది. ముందు చక్రం గారెలా వచ్చింది. పక్క బల్ల పిల్ల వచ్చి జాలిగా చూసి, "తాతా, నీళ్లు తక్కువ పొయ్యి" అని సలహా ఇచ్చింది. నేను తాతను కాను. అయినా నీళ్లు తక్కువ పోశాను.

వెనక చక్రం చేయలేదు. అది ఉండాల్సిన చోట బొటనవేలితో గుంట నొక్కాను. ఈ నెల నా వాటా బెల్లం మొత్తం పక్కన పెట్టాను. షిఫ్టు గంట మోగింది. చుట్టూ చూస్తే బల్లల నిండా మట్టి, నీళ్ల మరకలు, సగం సగం సైకిళ్లు. గుడ్డ తీసుకుని తుడవాలని చేతులు ఎంత లాగాయో ఆ దేవుడికే తెలుసు. నా సైకిల్ చుట్టూ మాత్రం కొంచెం తుడిచి, మళ్లీ భయపడి, ఆ కాస్త మట్టీ తిరిగి పూశాను.

ఇంటికొచ్చాను. ఆమె నిద్రలో ఉంది. పలక మీద ఏమీ రాయలేదు. రాయకుండా ఉండడం ఇంత కష్టమని తెలియదు.

నమోదు 47

తలుపు తీయడానికి ముందే గుమ్మంలో జనం ఉన్నారు. మొదటి షిఫ్టు వాళ్లు, కుటుంబ దినం నిన్ననే అయిపోయినా వచ్చారు, తమవాళ్లు ఏం చేశారో చూసుకోవడానికి. అందరికంటే ముందు కొమురమ్మ. తాళం రెండుసార్లు తప్పుగా తిప్పాను. "జల్ది తియ్ సారూ" అని గదమాయించింది.

అందరూ బల్లల మీద పడ్డారు. కొమురమ్మ సైకిల్‌కి మొగుడు రెండో చక్రమే కాదు, వెనక ఒక చిన్న సీటు, దానిమీద చిన్న మట్టి పాపని కూడా పెట్టాడు. పాపకి మొహం లేదు. ఆవిడ కూర్చుని, కొంగుతో ముక్కు తుడుచుకుని, గోటితో ఆ పాపకి కళ్లు పెట్టడం మొదలుపెట్టింది. చంకలోని పాప "నాకు ముక్కు పెట్టు, ముక్కు పెట్టు" అని తొందర చేసింది.

నేను ఏడో బల్లవైపు వెళ్లలేదు. గొడుగు మీద దుమ్ము దులిపాను. బస్సు సీటు సరిచేశాను. దీపాలు ఆర్పి మళ్లీ వేశాను. ఎవరో అరిచారు. ఇక చేసే పని లేక వెళ్లాను.

సైకిల్ రెండు చక్రాల మీద నిలబడి ఉంది. వెనక చక్రంలో చువ్వలు లెక్క తప్పకుండా ఉన్నాయి. ముందున్న నా గారె చక్రాన్ని సరిచేయలేదు, అలాగే ఉంచింది. బెల్లం సగం కొరికి సగం ఉంచింది.

కానీ సీటు లేదు. నేను పెట్టిన సీటు. చక్రం కంటే అదే కాస్త బాగా వచ్చిందని మురిసిపోయాను కూడా. తీసేసి, దాని చోట బొటనవేలితో గుంట నొక్కింది.

కుర్చీ లాక్కుని కూర్చుని, బెల్లం నోట్లో వేసుకుని, పిడికెడు మట్టి తీసుకున్నాను. నీళ్లు తక్కువ పోశాను. మ్యూజియం ఫోన్ మోగింది, ఎవరో తీసి నా చెవి దగ్గర పెట్టారు. ఉదయశ్రీ మేడం.

"ఓదెలు గారూ, మీ ఇంటి దరఖాస్తు సంగతి మాట్లాడాలె. ఇంకోటి, హాలు గురించి సుత..."

చేతులు మట్టిగా ఉన్నాయి మేడం, తర్వాత మాట్లాడతానని చెప్పాను.